ఆరు

ఖాజామియా పాన్ డబ్బాకి ఒకప్పుడు
ఒక కొబ్బరి తాడు వేలాడేది,
చివర నిప్పు.
పొద్దున ఒకసారి అంటిస్తే రాత్రి షట్టరు దించేదాకా
అంగుళం అంగుళం తనను తానే తాగుతుండేది.
పెదాల మధ్య సిగరెట్టుతో మేం దాని ముందు వంగేవాళ్ళం.
చిక్కడపల్లిలో నేను
ఇంకెవరికీ అంత వినయంగా తల వంచలేదు.

తాడు పోయింది, లైటర్లొచ్చాయి.
ప్రెస్సు పోయింది, ఫ్లెక్సులొచ్చాయి.
నేను మానేసి పదకొండేళ్ళు.

డాక్టరు చెప్పి కాదు. ఎవరి మీదా ఒట్టేసి కాదు.
పంచాంగాల సీజను, రాత్రి పాళీ.
బైండింగు బాలమల్లూ నేనూ మెట్ల మీద కూర్చుని
ఒకటే సిగరెట్టు సగం సగం తాగుతుంటే
వాడే అన్నాడు:
"బంద్ జేద్దామా అన్నా. ఎవడు ముందుగాల ముట్టిస్తే వాడు
ఇంకోనికి ఐదు వందలియ్యాలె."
ఐదు వందలంటే అప్పుడు రెండు దినాల కూలి.
ఆఖరి దమ్ము వాడు లాగాడా నేను లాగానా
ఇప్పటికీ తేలలేదు.

మొదటి వారం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
సోంపు, లవంగం, అగ్గిపుల్ల, బనియను దారం,
నోట్లో పెట్టని వస్తువు లేదు.
క్రాస్ రోడ్స్‌లో సినిమాకి పోతే
ఇంటర్వెల్ ఇంత పొడుగని అప్పుడే తెలిసింది.
హీరో ముట్టించగానే తెర కింద చిన్న అక్షరాల హెచ్చరిక
ఏం, మర్చిపోయావా, అని గుర్తుచేసేది.

పోయిందనుకున్నప్పుడల్లా వస్తుంది, చెప్పాపెట్టకుండా.
మృగశిర తొలి చినుకులకి వస్తుంది.
బన్సీలాల్‌పేట శ్మశానంలో, కట్టె అంటుకున్నాక
మగవాళ్ళంతా గోడవారకి జరిగినప్పుడు వస్తుంది.
కలలో తాగుతాను. ఉలిక్కిపడి లేచి
వేళ్ళు వాసన చూసుకుంటాను.
అనసూయ ఇప్పటికీ చొక్కా నానబెట్టే ముందు
కాలరు వాసన చూస్తుంది.
అనుమానం కాదట, అలవాటట.
మానలేనంటుంది.

డబ్బాలో ఇప్పుడు ఖాజామియా కొడుకు.
నన్ను చూడగానే అతని చెయ్యి పాత బ్రాండు వైపు పోయి
మధ్యలో ఆగి, సోంపు పొట్లం తెంపుతుంది.
పొట్లం రూపాయి.
చెయ్యి ఆగినందుకు ఎంతివ్వాలో తెలీదు.

బాలమల్లు నాలుగేళ్ళ కింద పోయాడు.
పొగ వల్ల కాదు. ఉప్పల్ రింగు రోడ్డు, నీళ్ళ ట్యాంకరు.
గాంధీలో వార్డుబాయి ఒక కవరిచ్చాడు:
వాచీ, బస్ పాసు, ఇరవై రూపాయలు,
పది సిగరెట్ల పెట్టె.
అందులో నాలుగు లేవు.

ఆస్పత్రి మెట్ల మీద నాకు ముందు నవ్వొచ్చింది.
ఏడేళ్ళు, ఏడేళ్ళు, దొంగ నాకొడుకు
నా పక్కన కూర్చుని సోంపు నమిలాడు.
నర్సవ్వకి వాచీ ఇచ్చాను, పాసు ఇచ్చాను, ఇరవై ఇచ్చాను.
పెట్టె ఇవ్వలేదు.

అది బీరువాలో, రేషన్ కార్డు కింద ఉంది.
మనసు లాగిన రాత్రి తీసి లెక్కపెడతాను.
ఎండిన పొగాకు అరచేతిలోకి పొడిగా రాలుతుంది.
ఆరు, అని పైకే అంటాను,
అంకె చదివినట్టు కాదు,
నిప్పుకి చెప్పినట్టు.

నిన్న వాన. కరెంటు లేదు. ఆరు.

ముందు ఓడింది వాడే. అయినా
ఇందులో ఒకటి నేనూ ముట్టిస్తే
చెల్లుకు చెల్లు, ఇద్దరి ఖాతా మూసినట్టే.
ముట్టించనన్నాళ్ళూ వాడు నాకు బాకీ.
పంచాంగాల పార్టీలు డబ్బులెగ్గొట్టినప్పుడల్లా
బాలమల్లు అనేవాడు,
"బాకీ ఉన్నోడు యాడికి వోతడన్నా, వస్తడు."

పెట్టె మూసి, సోంపు నోట్లో వేసుకుని
కరెంటు కోసం కూర్చున్నాను.